పొయ్యిలో బూడిద, బట్టీలో బొగ్గు

రాత్రి చదువు అయిపోయింది. పలకలు సర్దుతుంటే ఒక అక్క అడిగింది.

"టీచరమ్మా, పొయ్యిలో కట్టె పెడితే బూడిద అవుతుంది. బట్టీలో పెడితే బొగ్గు అవుతుంది. రెండిట్లోనూ నిప్పే కదా! ఎందుకిట్లా?"

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సర్కారు తుమ్మ కట్టెతో బొగ్గు కాలుస్తారు. ఈ అక్క అక్కడ కూలికి పోయేది. బట్టీ సంగతి ఆమెనే చెప్పమన్నాను.

"కట్టెలు పేరుస్తాం. పైన ఆకు, గడ్డి కప్పుతాం. దాని మీద తడిమట్టి మెత్తుతాం. చిన్న కంతలు ఉంచుతాం. మట్టి పగిలితే వెంటనే పూడుస్తాం. లేకపోతే బొగ్గంతా బూడిదే!"

జవాబు ఆమె మాటలోనే ఉంది. తేడా నిప్పులో లేదు, గాలిలో ఉంది.

పొయ్యిలో గాలి ఆడుతుంది. కట్టె పూర్తిగా మండుతుంది. బూడిద మిగులుతుంది. బట్టీలో గాలి చాలదు. కట్టె వేడెక్కుతుంది, కానీ పూర్తిగా మండదు. కట్టెలోని పదార్థాలు విడిపోతాయి. కొన్ని పొగగా పోతాయి. బొగ్గు మిగులుతుంది. ఇలా గాలి లేకుండా వేడిచేసి విడగొట్టడాన్ని 'పైరాలిసిస్' అంటారు. ఆ పేరు అక్కకు తెలియదు. పని మాత్రం ఎన్నో ఏళ్లు చేసింది.

పొగలో ఏముంది?

ఫ్యాక్టరీలో కట్టె, కొబ్బరి చిప్పలు, పొట్టు వంటివి మూసిన ఇనుప పాత్రలో వేడిచేస్తారు. పొగను గొట్టం గుండా పంపి చల్లారుస్తారు. అన్నం గిన్నె మూతకు ఆవిరి చుక్కలు కట్టినట్టే, ఆ పొగలో కొంత ద్రవం అవుతుంది. అందులో తారు ఉంటుంది. ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. వెనిగర్‌కు పులుపు దీనివల్లే. మిథనాల్ కూడా ఉంటుంది. ఇది రంగుల తయారీలో పనికొస్తుంది. కానీ తాగితే విషం. కల్తీ సారాలో కలిసి చూపునూ ప్రాణాన్నీ తీసేది ఇదే. మిగిలిన గ్యాసును పాత్ర కింద మంటకు వాడుకోవచ్చు.

కొబ్బరి చిప్పల బొగ్గును మరికొంత సిద్ధం చేసి నీళ్ల ఫిల్టర్లలో వాడతారు.

ప్లాస్టిక్ సంగతి

ఇంకో చెల్లెలు అంది: "కవరు ముక్క వేస్తే పొయ్యి ఇట్టే అంటుకుంటుంది. నేను రోజూ అదే చేస్తా."

వద్దు చెల్లీ! ఆ పొగ విషం. పొయ్యి దగ్గర నువ్వుంటావు, నీ చంటిబిడ్డ ఉంటుంది. ఆ పొగ మీ ఇద్దరి ఊపిరిలోకీ పోతుంది.

పాల ప్యాకెట్లు, కవర్లు చాలావరకు ముడి చమురు నుంచి, సహజవాయువు నుంచి తయారవుతాయి. అందుకే అంత తొందరగా అంటుకుంటాయి. వాటిని గాలి లేకుండా 400 డిగ్రీలు దాటి వేడిచేస్తే, పొడుగాటి దండను తెంపినట్టు చిన్న ముక్కలవుతాయి. నూనె, మైనం, గ్యాసు వస్తాయి. 2019లో డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థలో ఇలాంటి ప్లాంటు మొదలైంది. రోజుకు 1 టన్ను ప్లాస్టిక్ నుంచి 800 లీటర్ల డీజిల్ తీసేలా దాన్ని కట్టారు.

అన్ని ప్లాస్టిక్‌లూ దీనికి పనికిరావు. పీవీసీ పైపుల్లో క్లోరిన్ ఉంటుంది. వేడిచేస్తే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది. అది యంత్రాన్నే తినేస్తుంది. అందుకే ముందు ఏరి వేరుచేయాలి. ఆ పని ఎక్కడ మొదలవుతుంది? మన ఇంటి చెత్తబుట్ట దగ్గరే.

జాగ్రత్త! ఇంట్లో డబ్బా మూసి ప్లాస్టిక్‌ను వేడిచేయకండి. డబ్బా పేలుతుంది.

వెళ్తూ వెళ్తూ అక్క తన పలక మీద రాసుకుంది: పైరాలిసిస్.

గుర్తుంచుకోండి

1. గాలి ఉంటే బూడిద. గాలి లేకుంటే బొగ్గు.
2. ప్లాస్టిక్‌ను పొయ్యిలో వేయకూడదు.
3. తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఉంచాలి.

జవాబులు రాయండి

1. బట్టీ మట్టి పగిలితే ఏమవుతుంది?
2. మిథనాల్ తాగితే ఏమవుతుంది?
3. మీ ఇంట్లో ఒక వారంలో ఎన్ని కవర్లు పోగయ్యాయి? లెక్కపెట్టి రాయండి.