పేరు మారిన జబ్బు: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: విశాఖ ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేసే భర్తకు ఐదేళ్ళలో మూడు జబ్బుల పేర్లు చెప్పారని గాజువాక నుంచి ఒక గృహిణి రాశారు. మొదట డిప్రెషన్ అన్నారు. రెండేళ్ళ తరువాత ఆయన వారం రోజులు నిద్ర మానేసి, ఎవరో వెంటాడుతున్నారని కేకలు వేసినప్పుడు అది తాత్కాలికంగా వచ్చే సైకోసిస్ అన్నారు. ఇప్పుడు బైపోలార్ అంటున్నారు. వీటిలో ఏది నిజమో, ముందటి వైద్యులు పొరబడ్డారో, ఇన్నాళ్ళు మింగిన మందులు వృథాయేమో అన్నది ఆమె సందేహం.

జవాబు: లక్షణాలను బట్టి జబ్బుకు పేరు నిర్ణయించడాన్ని వ్యాధి నిర్ధారణ అంటారు. మలేరియా విషయంలో గాజుపలక మీది రక్తపు చుక్కలో సూక్ష్మజీవి కనబడితే నిర్ధారణ ముగుస్తుంది గానీ, మానసిక వ్యాధులలో అటువంటి పరీక్ష ఇంకా లేదు. వైద్యులు రాసే థైరాయిడ్ వంటి పరీక్షలు శరీర సంబంధమైన కారణం ఏదైనా ఉందేమో చూడడానికే ఉద్దేశించినవి. అందువల్ల ఇక్కడ పేరు మూడింటి మీద ఆధారపడుతుంది: రోగి చెప్పినది, ఇంటివారు చూసినది, కాలక్రమంలో జబ్బు నడిచిన తీరు. వీటిలో మూడవది మొదటి రోజున ఏ వైద్యుని దగ్గరా ఉండదు.

బైపోలార్ అంటే కుంగుబాటు దశ, మేనియా అనబడే ఉద్రేక దశ మార్చి మార్చి వచ్చే వ్యాధి. చాలామందిలో కుంగుబాటే ముందు వచ్చి, ఉద్రేక దశ ఏళ్ళ తరువాత గానీ బయటపడదు. అది బయటపడేదాకా వైద్యుని ఎదుట ఉన్నది కుంగుబాటు మాత్రమే కనుక, ఆనాటి ఆధారాల మేరకు డిప్రెషన్ అన్న పేరు సరైనదే కావచ్చు. రెండవ పేరు సంగతీ అటువంటిదే. హఠాత్తుగా మొదలై కొద్ది వారాలలో పూర్తిగా తగ్గిపోయే సైకోసిస్, అంటే లేనివి ఉన్నట్టుగా నమ్మే, వినే స్థితి, సంపన్న దేశాలలో కన్నా మన వంటి దేశాలలో ఎక్కువగా కనిపిస్తుందని ఆగ్రా, చండీగఢ్ కేంద్రాలు కూడా పాలుపంచుకున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనాల వల్ల తెలిసింది. ఆ సంస్థ వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పులో దీనికి ప్రత్యేక స్థానం దక్కింది. 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన పదకొండవ కూర్పు ప్రకారం ఈ స్థితి మూడు నెలలు మించకూడదు. మించదని మొదటి వారంలో ఎవరూ చెప్పలేరు కనుక, ఆ పేరు పెట్టడమంటే ఒక విధంగా గడువు పెట్టి వేచి చూడడమే.

అయితే ఈ వివరణ వైద్యులందరికీ మినహాయింపు పత్రం కాదు. కుంగుబాటుతో వచ్చిన మనిషిని గతంలో ఎప్పుడైనా నిద్ర తగ్గినా అలసట లేకుండా తిరిగాడా, మాట వేగం పెరిగిందా, స్థోమతకు మించి ఖర్చు చేశాడా అని అడగడం వైద్యుని విధి. కిక్కిరిసిన ఓపీలో ఆ ప్రశ్నలు తరచుగా జారిపోతాయి. ఇంటివారు కూడా ఆ సంగతి తమంతట తాము చెప్పరు, ఎందుకంటే రాత్రి పూట సాగే సి షిఫ్టు ముగించుకొని వచ్చి పడుకోకుండా స్థలాల బేరాలకు తిరిగే మనిషిని చూసి, ఇన్నాళ్ళకు కోలుకున్నాడని వారు సంతోషిస్తారే తప్ప అది జబ్బులో రెండవ ముఖమని అనుకోరు. ఈ లోపానికి వెల ఉంది: బైపోలార్ ఉన్నవారికి కుంగుబాటు తగ్గించే మందును ఒంటరిగా ఇస్తే కొందరిలో ఉద్రేక దశ రేగవచ్చు. కనుక పాత మందులు వృథా అయ్యాయా అన్న ప్రశ్న కన్నా, ఏ మందు మొదలుపెట్టిన ఎన్ని రోజులకు ఏమి జరిగిందన్న వివరం ఇప్పటి వైద్యునికి ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఉక్కు కార్మికుల కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది నిద్ర. ఎ, బి, సి షిఫ్టులు వంతులవారీగా మారుతూ ఉంటే నిద్రవేళలు చెదురుతాయి, బైపోలార్ వ్యాధిలో నిద్ర చెదరడమే ఉద్రేక దశకు నాంది కావచ్చు. కాబట్టి పగటి వేళ ఉండే జనరల్ షిఫ్టు కోసం వైద్యుని సిఫారసు లేఖ అడగడం గొంతెమ్మ కోరిక కాదు. రెండవది బైపోలార్‌కు ఇచ్చే లిథియం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉద్రేక దశకు దీని గుణాన్ని ప్రకటించిన నాటి నుంచి నేటి వరకు ఇది నమ్మకమైన మందే గానీ, దీనికి మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. రక్తంలో దీని మట్టం సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండేట్టు చూస్తారు. కోక్ ఓవెన్ల దగ్గరో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గరో చెమటోడ్చి పనిచేసే మనిషి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినా, ఒళ్ళునొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు కొని వేసుకున్నా ఆ మట్టం పెరిగిపోవచ్చు. చేతులు గట్టిగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట ముద్దకావడం కనిపిస్తే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజున ఆసుపత్రికి చేరాలి. పని జరిగే చోటు ఎంత వేడిగా ఉంటుందో వైద్యునికి చెప్పేవారు అరుదు. జబ్బు పేరు మీద జరిగే చర్చలో నాలుగో వంతు ఈ వేడి మీద జరిగినా ఎంతో మేలు.

ప్రశ్న: చీటీ మీద స్కిజోఎఫెక్టివ్ అని రాసి, దాని ముందు ప్రశ్నార్థకం ఎందుకు పెట్టారని మల్కాపురం పాఠకుడొకరు అడిగారు.

జవాబు: ఆ గుర్తుకు అర్థం అనుమానమే, అది నిజాయితీతో కూడిన అనుమానం. 1899లో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ తీవ్ర మానసిక వ్యాధులను రెండుగా చీల్చి, ఇప్పుడు స్కిజోఫ్రీనియా అంటున్నదాన్ని ఒక గట్టున, ఉద్రేకం, కుంగుబాటు మారి మారి వచ్చేదాన్ని మరో గట్టున ఉంచాడు. రెండు గట్ల లక్షణాలూ కలిసి ఉన్నవారికి 1933లో కాసనిన్ అనే వైద్యుడు స్కిజోఎఫెక్టివ్ అన్న మాట వాడాడు. గట్ల మధ్య నిలిచిన పేరు కనుక కాలక్రమంలో ఇది అటో ఇటో జరగడం సాధారణం. ప్రశ్నార్థకం తీసేయమని వైద్యుని తొందరపెట్టడం వల్ల లాభం లేదు. ఏది గమనిస్తే అది తొలగుతుందో అడగడం మేలు.

ప్రశ్న: ప్రైవేటు వైద్యుడు ఒక పేరు, ప్రభుత్వ వైద్యుడు మరో పేరు చెబుతున్నప్పుడు మూడవ వైద్యుని దగ్గరికి వెళ్ళాలా?

జవాబు: ఒకే రోగిని చూసి ఇద్దరు వైద్యులు రెండు పేర్లు చెప్పడం కొత్త కాదు. 1960ల చివర జరిగిన అమెరికా–బ్రిటన్ పరిశోధనలో, ఒకే వీడియో చూపినప్పుడు న్యూయార్క్ వైద్యులు స్కిజోఫ్రీనియా అన్న చోట లండన్ వైద్యులు తరచుగా వేరే పేరు చెప్పారు; తేడా రోగులలో కన్నా వైద్యుల అలవాటులో ఉందని తేలిన తరువాతే నిర్ధారణ నియమాలు బిగిశాయి. మూడవ అభిప్రాయం తీసుకోవచ్చు గానీ, పాత కాగితాలు లేకుండా వెళితే అది మళ్ళీ మొదటి అభిప్రాయమే అవుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ చికిత్సకు సంబంధించిన ప్రాథమిక వైద్య రికార్డులు పొందే హక్కును రోగికి ఇచ్చింది. ఏదైనా వివరం రోగి మనసుకు తీవ్ర హాని చేస్తుందనిపించినా, ఇతరులకు హాని జరిగే అవకాశం ఉన్నా వైద్యులు దానిని మాత్రం ఆపవచ్చు, అయితే ఆపిన సంగతి చెప్పాలి.

వైద్యులు తేడాపడడానికి ఇన్ని పేర్లు లేని కాలమూ ఉంది. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటిది. మద్రాసు, కాలికట్, వాల్తేరు అన్న మూడు పిచ్చాసుపత్రులలో ఇది ఒకటి. ఆ కాలపు నివేదికలలో మేనియా, మెలాంకోలియా వంటి కొద్ది పేర్లలోనే రోగులందరూ ఇమిడిపోయేవారు. ఇన్ని పేర్లు లేని ఆ కాలంలో ఇన్ని మార్పులూ లేవు, ఇంత చికిత్సా లేదు.

ప్రశ్న: జబ్బు పేరు పెద్దదిగా మారితే ఉద్యోగం పోతుందా అని ఓడరేవు ఉద్యోగి భార్య ఆందోళన.

జవాబు: పోకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మానసిక వ్యాధి ఒకటి. సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ, చేస్తున్న పనికి సరిపడకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలనీ దాని 20వ సెక్షన్ చెబుతుంది. 2017 చట్టం 3వ సెక్షన్ మరో మెట్టు ఎక్కి, గతంలో చికిత్స పొందినంత మాత్రాన ఇప్పుడు జబ్బు ఉన్నట్టు నిర్ణయించడం చెల్లదనీ, మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని అర్థం కాదనీ స్పష్టం చేసింది. కాంట్రాక్టు కార్మికునికి మాత్రం కాగితం మీది ఈ రక్షణ చేతికందడం కష్టమన్నది దాచవలసిన సంగతి కాదు.

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి రాసిన ఇరవై ఆరేళ్ళ యువతికి నాలుగేళ్ళు బైపోలార్ అని చెప్పి, ఇప్పుడు బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ సమస్య అంటున్నారు. తల్లికీ స్నేహితులకూ ఆ మొదటి పేరు చెప్పి ఒప్పించడానికే ఏళ్ళు పట్టిందనీ, ఇప్పుడు తాను అబద్ధం చెప్పినట్టు అయిందనీ ఆమె బాధ.

జవాబు: ఆమె అబద్ధం చెప్పలేదు, వైద్యుడు చెప్పినది చెప్పింది. వ్యక్తిత్వ సమస్య అన్న తెలుగు మాట ఇక్కడ అన్యాయం చేస్తుంది, అది వినగానే గుణం మంచిది కాదన్నట్టు ధ్వనిస్తుంది. ఆ పేరు సూచించేది క్షణాల మీద భావాలు ఎగసిపడడం, తనవారు వదిలేస్తారన్న భయం, తనను తాను గాయపరచుకోవాలన్న తొందర. బైపోలార్‌లో ఒక దశ రోజులు, వారాల తరబడి నడిస్తే, ఇందులో మార్పు గంటలలో, తరచుగా ఎవరితోనైనా తగవు తరువాత వస్తుంది. రెండూ ఒకే మనిషిలో ఉండడమూ కద్దు. తేడా చికిత్సలో కనిపిస్తుంది: ఇక్కడ మాటల ద్వారా క్రమబద్ధంగా సాగే చికిత్స ప్రధానం, మందులు సహాయకం. అయినా కొత్త పేరు వినగానే లిథియమో మరేదైనా పాత మందో తనంతట తాను ఆపడం ప్రమాదకరం. బతుకు మీద విరక్తి కలిగిన రాత్రి 14416కు ఫోను చేస్తే టెలి మానస్ సేవలో తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు. తల్లికి ఏమి చెప్పాలన్న దానికి వస్తే, ఈ నాలుగేళ్ళలో ఆమె కూతురి పక్కన కూర్చున్నది జబ్బు పేరు చూసి కాకపోవచ్చు కనుక, కొత్త పేరు తెలిసిన వారమే చెప్పవలసిన అవసరం లేదు. రెండు మూడు నెలల చికిత్స గడిచిన తరువాత, అప్పటికి ఆ పేరు నిలిచి ఉంటే, చెప్పవచ్చు.