కంటి క్యాన్సర్ – జన్యు పరీక్ష ఎందుకు?

బిడ్డ కంటిపాపలో తెల్లని మెరుపు చూసి తీసుకొస్తారు. డాక్టరుగారు రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ అని చెప్పగానే వార్డులో మొదట వినిపించే మాట, "ఇది ఎవరి వైపు నుండి వచ్చింది?" అని. చాలాసార్లు ఆ మాట కోడలి వైపు చూస్తూనే అంటారు. పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న కూడా ఇటువంటిదే. దయచేసి ఆ మాట ఆపి ఇది చదవండి.

మన కణాలలో ఆర్‌బి1 అనే జన్యువు జంటగా ఉంటుంది. ఒకటి తండ్రి నుండి, ఒకటి తల్లి నుండి వస్తుంది. కణాలు అదుపు తప్పి పెరగకుండా ఇవి బ్రేకులా పనిచేస్తాయి. కంటి లోపలి రెటీనా పొరలో ఒక కణంలో రెండూ చెడిపోయినప్పుడు సాధారణంగా ఈ గడ్డ మొదలవుతుంది. నూటికి సుమారు 60 మంది పిల్లల్లో ఆ చెడు కంటిలోనే జరుగుతుంది. అది వంశపారంపర్యం కాదు. మిగిలిన 40 మందికి ఒంట్లోని కణాలలోనే ఒక జన్యువు చెడి ఉంటుంది. వీరిలో కూడా ఎక్కువమంది తల్లిదండ్రులకు ఆ లోపం ఉండదు, బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది. తల్లి తిన్న తిండి వల్ల కాదు, గ్రహణం వల్లా కాదు.

ముందుగా జబ్బు ఉన్న బిడ్డకే రక్తపరీక్ష చేస్తారు. కన్ను తీసివేయవలసి వస్తే ఆ గడ్డ ముక్క కూడా పరీక్షకు పనికివస్తుంది. భద్రపరచమని ఆపరేషన్‌కు ముందే అడగండి. రెండు కళ్లకూ వస్తే లోపం ఒంట్లో ఉందనే అనుకోవాలి. ఒక్క కంటికే వచ్చినవారిలో కూడా నూటికి సుమారు 15 మందికి ఉంటుంది. కనుక "ఒక కన్నే కదా" అని వదిలేయకండి.

ఏ లోపమో తెలిస్తే తమ్ముడికో చెల్లెలికో అదే ఉందేమో చూడవచ్చు. లేదని తేలితే ఆ పసిబిడ్డకు మత్తు ఇచ్చి మాటిమాటికీ కళ్లు చూసే బాధ తప్పుతుంది. ఉంటే గడ్డ చిన్నదిగా ఉండగానే లేజర్ వంటి వైద్యంతో కన్ను దక్కించుకోవచ్చు. రిపోర్టుకు వారాలు పట్టవచ్చు. అంతవరకు ఆగకుండా ఇంట్లో ఉన్న చిన్నపిల్లలను ఈ వారమే కంటి డాక్టరుకు చూపించండి.

ఆడపిల్లకు పెళ్లి కాదేమోనని రిపోర్టు చింపివేసిన తండ్రిని చూశాను. ఆయన భయం నాకు అర్థమైంది. కాని ఒంట్లో లోపం ఉన్న బిడ్డ పెద్దయ్యాక, ఆమెకు పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఆమెకు మరోచోట క్యాన్సర్ రాకుండా కనిపెట్టుకోవాలి. అనవసరమైన ఎక్స్‌రేలు, సి.టి. స్కాన్‌లు తగ్గించాలి. వాటిని రాసే ప్రతి డాక్టరుకూ ఆ కాగితం చూపించాలి. రేషన్ కార్డుతోపాటు దాచండి.