రేకుల షెడ్డు సెగ: సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: అయ్యా, కోసిన బంగినపల్లి, రసాలు రేకుల షెడ్డులో పోస్తాం. రేకులు పాతవి, తుప్పు పట్టాయి. ఫ్యాన్లు తిరుగుతున్నా మధ్యాహ్నం కాయ వేడెక్కిపోతోంది. ఇంకో రెండు ఫ్యాన్లు పెట్టమంటారా, తళతళలాడే జింకు రేకులు వేయమంటారా?
– ఓ రైతు, ఆగిరిపల్లి

జవాబు: ఫ్యాన్ల మీద డబ్బు పెట్టకండి. మీ షెడ్డులో వేడి చాలావరకు గాలితో రావడం లేదు, నెత్తిమీది రేకు నుంచి వికిరణంగా నేరుగా దిగుతోంది. ఫ్యాను కింద మనిషికి చెమట ఆరి హాయిగా ఉంటుంది. కాయకు ఆ సుఖం లేదు.

వస్తువు వెదజల్లే వేడి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని 1879లో స్టెఫాన్ తేల్చాడు. 60 డిగ్రీలకు కాగిన తుప్పు రేకు చదరపు మీటరుకు 600 వాట్లకు పైనే కిందికి పంపుతుంది. 35 డిగ్రీల కాయ తిరిగి పంపేది 500 వాట్ల లోపే. మిగిలిందంతా కాయలోకే.

కొత్త జింకు రేకు కొంత నయమే. ఎండను చాలావరకు తిప్పికొడుతుంది, కిందికీ తక్కువే పంపుతుంది. కానీ ఆ మెరుపే దానికి చేటు: పట్టిన వేడిని ఆకాశానికి వదలలేక తానే కాగుతుంది. మెరుపు మాసిపోయాక ఆ కాస్త లాభమూ పోతుంది. సున్నం ఎండనూ తిప్పికొడుతుంది, వేడినీ ధారాళంగా వదులుతుంది. అందుకే నా ఓటు పైన తెల్లసున్నానికి, కుదిరితే రేకు కింద కాస్త ఖాళీ వదిలి మెరిసే అల్యూమినియం ఫాయిల్‌కి. వానకు సున్నం కరుగుతుంది కాబట్టి ఏటా కోతలకు ముందే వేయించాలి.

హైదరాబాద్ ప్రాంతంలో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకులు ఏసీ భవనాల మీద కొలిచి 2012లో లెక్కలు ప్రచురించారు. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13–14 యూనిట్ల కరెంటు మిగులుతుందని అంచనా వేశారు. మీకు ఏసీ లేదు కనుక ఆ లాభం కాయకే దక్కుతుంది.

ప్రశ్న: మబ్బు లేని రాత్రి మామిడి పూతంతా మంచుతో తడుస్తుంది. మబ్బు పడితే పొడిగా ఉంటుంది. నీళ్లుండేది మబ్బులోనే కదా?
– ఓ పాఠకురాలు, ముసునూరు

జవాబు: ఆ నీళ్లు మబ్బువి కావు, మీ తోట గాలిలోవే. 8 నుంచి 13 మైక్రాన్ల పరారుణ కిరణాలకు పొడి గాలి అడ్డు చెప్పదు. తేటగా ఉన్న రాత్రి పూత ఆ దారిన ఆకాశానికి వేడి వదిలి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, గాలిలోని ఆవిరి దానిమీద చేరుతుంది. మబ్బు ఆ దారి మూసేస్తుంది. కొమ్మల లోపలి పూతకు ఆకాశం కాక ఆకులే ఎదురు కాబట్టి తడి తక్కువ. ఇదే దారిని వాడుకుని 2014లో స్టాన్‌ఫర్డ్‌లో ఆస్వత్ రామన్ బృందం, నడి ఎండలోనూ గాలికన్నా 4.9 డిగ్రీలు చల్లగా ఉండే పలకను చేసి చూపింది.

ప్రశ్న: కాయలు ముంచే స్టీలు తొట్టిలో నీళ్లు 48 డిగ్రీలున్నా, బయటినుంచి టెంపరేచర్ గన్ పెడితే 36 అంటోంది. గన్ పాడైందా?
– ప్యాకింగ్ కూలీ, నూజివీడు

జవాబు: గన్ బాగానే ఉంది. మెరిసే స్టీలు తన వేడిని దాదాపు బయటపెట్టదు, ఎదురుగా ఉన్న గోడ వేడిని అద్దంలా చూపిస్తుంది. తొట్టికి నల్ల టేపు ముక్క అంటించి, అది వేడెక్కాక దానిమీద గురిపెట్టండి. కాయలు ముంచే నీళ్ల వేడిని మాత్రం గన్‌కు వదలకండి, నీళ్లలో థర్మామీటరు ముంచే చూడండి.