పన్ను ఊరట సరే, ముందు పింఛను సంగతి చూడండి

ప్రశ్న: మావారు అమెరికాలో ఒక నగర అగ్నిమాపక శాఖలో పనిచేశారు. డ్యూటీలో వెన్నెముక దెబ్బతిని, 48 ఏళ్లకే డిసెబిలిటీ పింఛనుపై రిటైరయ్యారు. ఆరోగ్య బీమా ప్రీమియం మేమే కడుతున్నాం. ఏమైనా వెసులుబాటు ఉందా?

జవాబు: ఉందమ్మా. పోలీసు, అగ్నిమాపక సిబ్బంది వంటివారు డిసెబిలిటీ వల్ల రిటైరైతే, ప్రభుత్వ పింఛనులోంచి ఏటా 3,000 డాలర్ల దాకా బీమా ప్రీమియానికి ఫెడరల్ ఆదాయపన్ను మినహాయింపు ఉంది. మీ ప్రీమియమూ ఇందులోకే వస్తుంది. 2006లో ఈ వెసులుబాటు తెచ్చిన చట్టం ప్రకారం మొదట్లో పింఛను సంస్థే బీమా కంపెనీకి నేరుగా కట్టాల్సి ఉండేది. 2022 చివర్లో ఆ షరతు ఎత్తేశారు. అయితే పింఛను సంస్థ ఇచ్చే 1099-ఆర్ ఫారంలో ఈ మినహాయింపు కనబడదు, రిటర్నులో మీరే అడగాలి.

ఇక్కడే ఒక మెలిక. డ్యూటీలో తగిలిన గాయానికి ఇచ్చే పింఛనుపై చాలాచోట్ల అసలు పన్నే ఉండదు. మీదీ అలాంటిదైతే ఈ 3,000తో పనిలేదు.

నా దృష్టిలో మీకు అంతకంటే ముఖ్యమైనది మెడికేర్, అంటే ఫెడరల్ ప్రభుత్వ ఆరోగ్య బీమా. సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టని ఉద్యోగమైనా, జీతంలో మెడికేర్ పన్ను తగినన్నేళ్లు కోసి ఉంటే చాలు. ఏ పనీ చేయలేని స్థితి అని సోషల్ సెక్యూరిటీ వారు ఒప్పుకుంటే, మామూలుగా రెండేళ్ల నిరీక్షణ తర్వాత 65 నిండకుండానే వస్తుంది. నగరం ఇచ్చిన డిసెబిలిటీ ఉత్తర్వు ఒక్కటే దీనికి సరిపోదు. విడిగా దరఖాస్తు పెట్టండి.