పెద్ద లా ఫర్మ్‌లలో నియామకము – న్యాయవిద్యార్థి తెలిసికొనవలసిన సంగతులు

న్యాయశాస్త్రము చదువవలెనని మన ముప్పాళ్ళ ప్రాంతపు విద్యార్థి తలచినపుడు అతని మనస్సులో మెదలు చిత్రము ఒక్కటే. సత్తెనపల్లిలోనో, నరసరావుపేటలోనో కోర్టు ఆవరణ. వాయిదాకై వేచియున్న కక్షిదారులు. చంకలో కాగితముల కట్టతో పరుగిడు గుమాస్తా. నల్లకోటు ధరించిన వకీలుగారు. పట్టము పొందినవాడు ఒక సీనియరు వద్ద జూనియరుగా చేరును. కొన్ని సంవత్సరములు ఆయన వెంట నడచి, వకాల్తాలు నింపి, వాయిదాలు అడిగి, పిదప తన పేర బోర్డు కట్టుకొనును. ఇది గౌరవప్రదమైన మార్గము. ‘మాలపల్లి’ నవలాకర్త ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు (1877–1958) మనకు దూరము కాని వేములూరుపాడున పుట్టి, డబ్లిన్ నగరమున బారిస్టరై తిరిగివచ్చినవారే.

నేడు న్యాయవిద్యకు మరియొక గమ్యము కూడ ఏర్పడినది. అది పెద్ద లా ఫర్మ్. అందు ప్రవేశము ఎట్లు లభించునో మన విద్యార్థులలో పెక్కుమందికి తెలియదు. అది వారి దోషము కాదు. ఆ నియామకములకు సర్వీసు కమిషన్ ప్రకటన వెలువడదు, హాల్‌టిక్కెట్టు రాదు, ఫలితముల పట్టిక గోడకు అంటింపబడదు. ప్రకటన లేని ఉద్యోగము ఎరిగినవారి ఉద్యోగముగానే మిగిలిపోవును. కావుననే ఆ పద్ధతిని ఇచట కొంత వివరముగా వ్రాయుచున్నాము.

లా ఫర్మ్ అనగా కొందరు న్యాయవాదులు భాగస్వాములై ఒకే పేరుతో నడపు సంస్థ. మన దేశమున ఇది క్రొత్త కాదు. బొంబాయిలో క్రాఫర్డ్ బేలీ 1830లోను, లిటిల్ అండ్ కంపెనీ 1856లోను, కలకత్తాలో ఫాక్స్ అండ్ మండల్ 1896లోను, ఖైతాన్ 1911లోను ఆరంభమైనవి. 1917 నాటి అమర్‌చంద్ మంగళ్‌దాస్ సంస్థ 2015లో అన్నదమ్ముల మధ్య రెండుగా చీలినది. ఆ రెండును నేడు దేశములోని పెద్ద ఫర్మ్‌లలో లెక్కింపబడుచున్నవి. అయినను ఈ సంస్థలు చిరకాలము పరిమితముగానే యుండెను. కంపెనీగా నమోదు కాని భాగస్వామ్యమున ఇరువదిమందికి మించి భాగస్వాములుండరాదని 1956 కంపెనీల చట్టము నిర్దేశించినది. 1991 ఆర్థిక సంస్కరణల పిమ్మట విదేశీ పెట్టుబడులు వచ్చినవి, వానితో ఒప్పందముల పని పెరిగినది. 2008 నాటి పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టమున భాగస్వాముల సంఖ్యకు హద్దు లేకపోయినది. నేడు వందలకొలది న్యాయవాదులు పనిచేయు ఫర్మ్‌లు కలవు.

అచట పని యేమి? పల్నాటిలోని ఒక ప్రత్తి జిన్నింగు మిల్లును దూరపు కంపెనీ యొకటి కొనదలచినదనుకొందము. మిల్లు స్థలము అమ్మువారిదేనా? బ్యాంకునకు తాకట్టు ఉన్నదా? కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గడువు ముగిసినదా? కార్మికుల ప్రావిడెంటు ఫండు బకాయి యెంత? ఏ కోర్టులో ఏ దావా నడచుచున్నది? ఇవన్నియు కాగితములు చూచి తేల్చి, నివేదిక వ్రాసి, పిదప కొనుగోలు ఒప్పందమును తయారు చేయుట ఫర్మ్ పని. క్రొత్తగా చేరిన అసోసియేట్ వంతునకు వచ్చునది ఆ కాగితముల గుట్ట. రాత్రి చాల ప్రొద్దుపోవువరకు కూర్చుండవలసిన దినములు తరచుగా వచ్చును. కోర్టు మెట్లు ఎక్కకయే సంవత్సరములు గడపువారు ఇందు కలరు. గంభీరముగా వాదించుటయే వకీలుతనమని తలచువారికి ఈ వృత్తి రుచింపదు. ఓపికతో చదివి పొరపాటు లేకుండ వ్రాయగలవారికి రుచించును.

ఇక నియామకము. దీనికి ఆధారము ఇంటర్న్‌షిప్. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నియమముల ప్రకారము మూడేండ్ల కోర్సు విద్యార్థి కనీసము 12 వారములు, ఐదేండ్ల కోర్సు విద్యార్థి 20 వారములు బయట శిక్షణ పొందవలెను; ఏ సంవత్సరమందును అది ఏకబిగిని నాలుగు వారములకు మించరాదు. నియమముల దృష్టిలో ఇది చదువులో ఒక భాగము. ఫర్మ్ దృష్టిలో ఇది పరీక్ష. చదువు చివరి రెండేండ్లలో వచ్చిన విద్యార్థిని మొదటి దినము నుండియే కాబోవు ఉద్యోగిగా పరిశీలింతురు. నచ్చినచో కళాశాలలో ఎంపికల దినము రాకమునుపే ఉద్యోగము ఇచ్చెదమని చెప్పుదురు. ప్రసిద్ధ న్యాయ విశ్వవిద్యాలయములలో మంచి స్థానములు కొన్ని ఈ విధముగా ముందే నిండిపోవును.

మిగిలినవానికి కళాశాలలోనే ఎంపిక జరుగును. దీనిని నడుపువారు బహుళముగా విద్యార్థులే. వారి నియామక సంఘము ఫర్మ్‌లకు లేఖలు వ్రాసి, అందరి బయోడేటాలను పంపును. ఫర్మ్‌వారు మార్కులు, మూట్ కోర్టు పోటీలు, ప్రచురించిన వ్యాసములు, అంతకుముందు చేసిన ఇంటర్న్‌షిప్‌లు చూచి కొందరిని ఏరుదురు. ఒకొక చోట వ్రాతపరీక్ష, బృందచర్చ ఉండును; తుదకు ముఖాముఖి. ఇదంతయు చదువు ముగియుటకు ఏడాది ముందే, ఒక్కొక్కప్పుడు అంతకు పూర్వమే, జరిగిపోవుచుండుట గమనింపదగినది. పట్టము చేతికి వచ్చిన పిదప వెదుకనారంభించువాడు ఆలస్యముగా వచ్చినవాడే.

అనుభవము లేని పిల్లలను ఇంత ముందుగా ఏల ఎన్నుకొందురు? ఈ ఆచారమునకు పేరుపొందినది న్యూయార్కు నగరములోని క్రవాత్ ఫర్మ్. ఇరువదవ శతాబ్దారంభమున పాల్ క్రవాత్ అను న్యాయవాది, ఇతర చోట్ల పనిచేసినవారిని తెచ్చుటకంటె న్యాయకళాశాలలలో అగ్రగణ్యులైన పట్టభద్రులను నేరుగా చేర్చుకొని, తమ పద్ధతిలో తీర్చిదిద్ది, వారిలోనుండియే భాగస్వాములను ఎన్నుకొను పద్ధతిని అందు స్థిరపరచెను. తక్కిన పెద్ద ఫర్మ్‌లును ఆ దారినే పట్టినవి.

ఇంటర్న్‌షిప్‌లో దేనిని చూతురో మన విద్యార్థులు ప్రత్యేకముగా గ్రహింపవలెను. ఒక ప్రశ్న ఇచ్చి, చిన్న నివేదిక వ్రాయుమందురు. పలువురు ఇందే జారిపడుదురు. చట్టము పుట్టుపూర్వోత్తరముల నుండి మొదలిడి, నాలుగవ పుటలో గాని సమాధానమునకు రారు. అడిగినవానికి కావలసినది మొదటి పేరాలోనే సమాధానము. ఆ పిదప కారణము. ఆ పిదప ఆధారమైన తీర్పు. ఆ తీర్పును పై కోర్టు కొట్టివేసినదా, చట్టము నడుమ సవరింపబడినదా అని చూడకుండ ఉదాహరించుట క్షమింపరాని లోపముగా నెంతురు. ప్రశ్న అర్థము కానపుడు వెంటనే అడిగి తెలిసికొన్నవాని యందు గౌరవమే కలుగును. అర్థమైనట్లు తల ఊపి, గడువు దాటిన పిదప తప్పు నివేదిక తెచ్చినవానిని మరల పిలువరు.

ముఖాముఖిలో అపూర్వమైన ప్రశ్నలు అడుగుదురని భయపడనక్కరలేదు. బయోడేటాలో తాను వ్రాసిన ప్రతి పంక్తిని విద్యార్థి సమర్థించుకొనవలెను. ప్రాథమిక విషయములను కుదిపి చూతురు. మైనరు చేసిన ఒప్పందము మొదటినుండియు చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ వ్యాజ్యములో తీర్పు చెప్పినదని అందరును వల్లింతురు. అయినచో మైనరు పేర వ్రాసిన దానపత్రము చెల్లునా? అతడు తీసికొన్న సొమ్ము తిరిగి రాబట్టవచ్చునా? ఇచట కంఠస్థము ఆగిపోయి, ఆలోచన మొదలు కావలెను. మన పరీక్షలు కంఠస్థమునకే మార్కులు వేయుచున్నవని మేము విచారముతోనే వ్రాయుచున్నాము.

అయితే ఈ పద్ధతి యంతయు అందరికిని తెరచిన వాకిలి కాదు. పెద్ద ఫర్మ్‌లు ఎంపికకై వెళ్ళు కళాశాలలు కొన్నియే. 1987లో బెంగుళూరున నేషనల్ లా స్కూలు, 1998లో హైదరాబాదున నల్సార్, 2008లో విశాఖపట్టణమున నేడు దామోదరం సంజీవయ్య పేరుతో నడచుచున్న విశ్వవిద్యాలయము ఏర్పడినవి. ఇటువంటివానిలో ప్రవేశమునకు 2008 నుండి క్లాట్ అను ఉమ్మడి పరీక్ష జరుగుచున్నది. ఇప్పుడు రెండు గంటలలో 120 ప్రశ్నలు. తప్పు సమాధానమునకు పావు మార్కు కోత. ఇందు చట్టజ్ఞానమును అడుగరు. పొడుగైన గద్యఖండములనిచ్చి, వానిని వేగముగా చదివి తర్కింపగలవా అని పరీక్షింతురు. ఆ గద్యమంతయు ఆంగ్లమే.

చిక్కు ఇచటనే ఉన్నది. మన రాష్ట్రపు లాసెట్ ప్రశ్నపత్రము తెలుగులోను లభించును. పట్టభద్రుడు న్యాయవాదిగా కొనసాగుటకు 2011 నుండి జరుగుచున్న అఖిల భారత బార్ పరీక్షను తెలుగులో వ్రాయవచ్చును. అనగా న్యాయవాది యగుటకు తెలుగు చాలును. పెద్ద ఫర్మ్ గుమ్మము దరిజేరుటకు మాత్రము ఇంటర్మీడియటు నాటికే ఆంగ్లమున వేగము కావలెను. క్లాట్ దరఖాస్తు రుసుమే సాధారణ అభ్యర్థికి 4,000 రూపాయలు. చేరిన పిదప చదువు ఖర్చు లక్షలలోనిది. ప్రతిభను వెదకుచున్నామని చెప్పుకొను సంస్థలు, మంచి బడియు ధనమును కలిగిన ఇండ్లలోనే అధికముగా వెదకుచున్నవని మా అభిప్రాయము. ఈ అంతరమును తగ్గించుటకు ఆచార్య షమ్నాద్ బషీర్ 2010లో ‘ఇడియా’ అను సంస్థను స్థాపించిరి. బీద విద్యార్థులకు క్లాట్ శిక్షణ ఇప్పించుట, చేరినవారికి అండగా నిలుచుట దాని పని. ఆయన 2019లో కన్నుమూసినను సంస్థ నడచుచున్నది. అర్హులైన మన విద్యార్థులు దానికి వ్రాయవచ్చును. నల్సార్ వంటివి వసతిగృహములు గల విద్యాలయములని, కుమార్తెను దూరము పంపుటకు సందేహించు తల్లిదండ్రులకు తెలియజేయుచున్నాము.

డిగ్రీ పూర్తిచేసినవారికి మూడేండ్ల కోర్సు కలదు. బెంగుళూరు లా స్కూలులో అట్టి కోర్సు 2022లో ఆరంభమైనది. దానికి వేరు పరీక్ష. లాసెట్ ద్వారా గుంటూరులోనో, నాగార్జున విశ్వవిద్యాలయములోనో చేరినవారి వద్దకు పెద్ద ఫర్మ్‌లు ఎంపికకై రావు. అట్టివారు తామే వ్రాసుకొనవలెను. నెలల ముందుగా లేఖ పంపవలెను. లేఖతోపాటు తాము స్వయముగా వ్రాసిన ఒక చక్కని వ్యాసమును జతపరచవలెను. మొదట విజయవాడలోనో, హైదరాబాదులోనో చిన్న కార్యాలయమున పని నేర్చి, లేదా 2019 జనవరి 1న ఏర్పడి, నేడు అమరావతిలో నడచుచున్న మన హైకోర్టులో ఒక మంచి సీనియరు వద్ద చేరి, మూడు నాలుగేండ్ల పిదప అనుభవజ్ఞులుగా పెద్ద ఫర్మ్‌లో ప్రవేశించువారు కలరు. ఇది చుట్టుదారియే కాని మూసిన దారి కాదు. పేరు నమోదు ఖర్చు కూడ తగ్గినది: చట్టము చెప్పిన 750 రూపాయలకు మించి, షెడ్యూల్డు కులములు, తెగలవారి వద్ద 125కు మించి, బార్ కౌన్సిళ్ళు వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఈ సందర్భమున మన రెండు భాషలను గూర్చి ఒక మాట. వకీలు, వకాల్తా, దావా, ఫిర్యాదు, ముద్దాయి, జామీను, జప్తు, దస్తావేజు – మన తెలుగు కోర్టు నిండ ఉర్దూ పలుకులే. ఇది ముచ్చట కొరకు చెప్పుట లేదు. హైదరాబాదు చుట్టుప్రక్కల భూమి కొనదలచిన ఏ కంపెనీకైనను హక్కు పరిశీలన నిజాము కాలమువరకు పోవును. సేత్వార్, పహాణీ, మున్తఖబ్ వంటి ఆనాటి పత్రములు ఉర్దూలోనివి, తరువాతివి తెలుగులోనివి. మన జిల్లాలలోని అడంగలు, క్రయదస్తావేజులు తెలుగులోనే ఉండును. ఖరీదైన కళాశాలలో చదివిన అసోసియేట్ ఈ కాగితములను అనువాదకుని చేతికిచ్చి, అతడు చెప్పినదానిని నమ్మవలసియుండును. ఆ రెండు లిపులను తానే చదివి, సరిహద్దుల వివరములో తేడాను పట్టుకొని, దానిని తప్పులేని ఆంగ్లమున వ్రాయగల విద్యార్థి అరుదు. కేవలము ఉర్దూ, తెలుగు వచ్చినందున ఉద్యోగమిత్తురని మేము చెప్పుట లేదు. అయితే ఆంగ్లము సాధించిన పిమ్మట ఆ రెండింటిని బయోడేటాలో చివర ‘తెలిసిన భాషలు’ అని ఒక మూల వ్రాసి వదలక, తాను పరిశీలించిన పత్రముల పేర్లతో పైన వ్రాయుట వివేకము. మన ఇండ్లలోని పాత దస్తావేజులతోనే ఈ అభ్యాసము మొదలిడవచ్చును. అందుకు ఖర్చు లేదు.

కళాశాల కమిటీవారికి మా మనవి స్వల్పము. క్లాట్ దరఖాస్తులు కొన్నియేండ్లుగా వేసవి సెలవుల పిదప తెరువబడి, పరీక్ష డిసెంబరులో జరుగుచున్నది. పఠనమందిరమునకు ఒక ఆంగ్ల దినపత్రికను తెప్పించి, దాని సంపాదకీయమును ప్రతిదినము ఒక అరగంట విద్యార్థులచే చదివించి, పది పంక్తులలో సారాంశము వ్రాయించు ఏర్పాటు ఈ సంవత్సరమే చేయవచ్చును. దరఖాస్తు రుసుము చెల్లింపలేని విద్యార్థులలో ఇద్దరికైనను, ఒక బాలునికి ఒక బాలికకు, కమిటీ నిధినుండి ఆ సొమ్ము ఇప్పించినచో మొత్తము 8,000 రూపాయలు మించదు.