కాకి కాలికి వేళ్లెన్ని?

పిల్లలూ! కాకిని మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. అయితే కాకి కాలు ఒకటి కాగితం మీద గీయండి, చూద్దాం. ముందుకు ఎన్ని వేళ్లు? వెనక్కు ఎన్ని? పెన్సిలు ఆగిపోయిందా? సిగ్గుపడనక్కరలేదు. చూడటం వేరు, గమనించడం వేరు. బొమ్మ వేయడానికి కూర్చున్నప్పుడే మనం నిజంగా గమనిస్తాం.

జంతువుల బొమ్మలు వేయాలంటే అడవికే వెళ్లాలా? అక్కరలేదు. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్టలనే తీసుకోండి. ఎటు చూసినా దుకాణాలు, కోచింగు సెంటర్ల బోర్డులు. తల మీదుగా మెట్రో రైలు కూడా పోతున్నది. అయినా తీగ మీద కాకి, కిటికీ పైన పావురం, చెట్టు మీద ఉడుత, ఆకాశంలో గద్ద ఉండనే ఉన్నాయి. పంజాగుట్ట పేరులోనే పంజా ఉంది కదా! పంజాలతోనే మొదలుపెడదాం.

కాకి కాలికి నాలుగు వేళ్లు: మూడు ముందుకు, ఒకటి వెనక్కు. కొమ్మను గట్టిగా పట్టుకోవడానికి ఈ అమరిక అనుకూలం. రామచిలుకకూ నాలుగే. కాని రెండు ముందుకు, రెండు వెనక్కు. అందుకే అది పటకారుతో పట్టినట్టు పండును కాలితో పట్టి నోటి దగ్గరకు తెచ్చుకోగలదు. గద్ద గోళ్లు ఎర జారిపోకుండా కొక్కేల్లా వంగి ఉంటాయి. వాన వెలిశాక బురదలో చూడండి. కుక్క అడుగులో గోళ్ల గుర్తులు కనిపిస్తాయి. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి దాని అడుగులో సాధారణంగా అవి ఉండవు.

ఇక రంగులు. పావురం మెడకు ఏ రంగు వేస్తారు? ఆకుపచ్చ అనుకుని కుంచె ముంచేలోగా అది తల తిప్పుతుంది, ఊదారంగు కనిపిస్తుంది. ఏది నిజం? రెండూ నిజమే. ఆ మెరుపు రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. ఈకలోని అతి పలుచని పొర మీద వెలుగు పడటం వల్ల పుట్టింది. అందుకే చూసే కోణం మారితే రంగు మారుతుంది. సబ్బు బుడగ మీది రంగులూ ఇలాంటివే.

కాకి వేళ్లు లెక్కపెడితే ఏమి లాభం అంటారా? అలా లెక్కపెట్టే కన్ను ఎంత పని చేయగలదో చెప్పే కథ కడప జిల్లాలో జరిగింది. అక్కడి ముళ్లపొదల అడవుల్లో కలివికోడి అనే పక్షి ఉంది. అది రాత్రిపూట తిరుగుతుంది. 1900 తరువాత చాలా ఏళ్లు శాస్త్రజ్ఞులెవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. అయినా బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు వదలలేదు. దాని బొమ్మను అక్కడి పల్లెల్లో చూపించి వాకబు చేశారు. చివరకు 1986 జనవరిలో అది ఒక స్థానిక వేటగాడికి చిక్కింది! ఆ తరువాత శాస్త్రజ్ఞులు పొదల మధ్య సన్నని మట్టి పరచి, దాని మీద పడిన అడుగులను బట్టి ఈ పక్షి జాడ వెతికారు. కలివికోడి పాదానికి మూడే వేళ్లు, మూడూ ముందుకే. ఇప్పటికీ అది ప్రపంచంలోని అతి అరుదైన పక్షుల్లో ఒకటి. మనం గమనించని ప్రాణి మాయమైపోయినా మనకు తెలియదు.

మీరు చేయవలసిన పని: ఒక నోటుపుస్తకం, పెన్సిలు, నీటిరంగుల డబ్బా తీసుకోండి. మీ వీధిలోని ఒకే ప్రాణిని ఎంచుకుని, వారం పాటు రోజూ పది నిమిషాలు చూసి బొమ్మ వేయండి. గూళ్ల దగ్గరకు వెళ్లకండి, బెదిరించకండి. బొమ్మ పక్కన తేదీ, వేళ, చోటు రాయండి. సరిగా కనబడని భాగాన్ని ఊహించి గీయకండి. ఖాళీగా వదిలి, మర్నాడు చూసి పూరించండి.

ఉడుతను ఎంచుకున్నారా? దాని వీపు మీద చారలెన్ని? ఆ సంగతి ఇక్కడ చెప్పం. చెట్టు దగ్గరకు వెళ్లి, లెక్కపెట్టి గీయండి!