తైపే నగరవాసమునకు తెలుఁగు లిపియు, తెలుఁగు వ్యాకరణమును

తైవాన్ ద్వీపమందలి తైపే నగరమునకు ఉద్యోగార్థమో విద్యార్థమో పోవు తెలుఁగువాఁడు పనిచోట ఆంగ్లముతో కొంత దూరము నడువఁగలఁడు. అంగడి, వైద్యశాల, అద్దెయిల్లు, పాట మ్రోగించుచు సందు మొగకు వచ్చు చెత్తబండి మున్నగువాని యొద్ద చీనాభాష లేక గడుచుట కష్టము. ఆ భాషను రోమను లిపి ద్వారమునఁ గాక తెలుఁగు లిపి ద్వారమున నేర్చుట అతనికి సుకరమనియు, ఒక్క స్వరవిషయమున మాత్రము క్రొత్త సాధన మవసరమనియు ఈ వ్యాసమునఁ జూపఁబడును.

1. హల్లులు: తైపే వీథిఫలకములపై చీనా అక్షరములతోపాటు రోమను లిపియుఁ గలదు. తైవాన్ ప్రభుత్వము 2009లో అధికారపద్ధతిగా గైకొన్న హాన్యూ పిన్యిన్ లేఖనమున బి, డి, జి అను రోమను అక్షరములు నాదములను గాక ప, త, కలను దెలుపును. పి, టి, కె అనునవి మహాప్రాణములగు ఫ, థ, ఖలను దెలుపును. ఇచట ‘ఫ’ యనఁగా సంస్కృత ‘ఫల’ శబ్దము నందలి వర్ణము. కొన్న వస్తువును తిరిగి యిచ్చుట ‘థ్వెయ్’. ‘త్వెయ్’ అనఁగా ‘సరియే’ అని యర్థము. రెంటి స్వరము నొక్కటియే. వస్తువును వాపసు చేయఁగోరినవాఁడు ప్రాణము సడలించి పలికినచో ‘సరియే’ అని యొప్పుకొన్నట్లగును. తెలుఁగు వాడుకలో మహాప్రాణములు సడలినను లిపియందు నిలిచియున్నవి. వానిని మరల స్ఫుటముగాఁ బలుక నేర్చినఁ జాలును.

తైవాన్‌లో బాలురకుఁ దొలుత నేర్పు ‘చూయిన్’ వర్ణమాల 1913లో పెకింగున సమావేశమైన ఉచ్చారణైక్యసంఘమునుండి వెలువడి, 1918లో ప్రభుత్వముచే ప్రకటింపఁబడినది. నేఁడు వాడుకలోనున్న 37 చిహ్నములలో ప, ఫ, మ. త, థ, న. క, ఖ అను వరుసలు తెలుఁగు వర్గములను దలపించును. చీనా ధ్వనిశాస్త్రజ్ఞులు హల్లులను వర్గీకరించుటకు బౌద్ధభిక్షువుల ద్వారా అందిన సంస్కృత వర్ణవిచారము ప్రేరకమైనది. కావున ఈ పోలిక కేవలము యాదృచ్ఛికము గాదు.

2. స్వరము: తెలుఁగున స్వరము వాక్యధర్మము, చీనాయందు పదధర్మము. సమముగా నిలుచునది, ఎక్కునది, దిగి యెక్కునది, దిగునది అని ప్రామాణికభాషలో స్వరములు నాలుగు. దిగి యెక్కు స్వరమున ‘మాయ్’ అనఁగా కొనుట. దిగు స్వరమున ‘మాయ్’ అనఁగా అమ్ముట. తైపే వాడుకలో మూర్ధన్యోష్మము దంత్యమునఁ గలియుట తఱచు. అట్లు కలిసినపుడు ‘సు’నకు దగ్గఱయగు ఒకే శబ్దము దిగు స్వరమున నాలుగు, ఎక్కు స్వరమున పది యగును. పదునాలుగునకును నలువదికిని గల భేదము స్వరముపైననే నిలుచును. తెలుఁగువాఁడు ప్రశ్నాంతమున గొంతెత్తును. ఆ యలవాటున నాలుగు పదిగా వినఁబడ నవకాశము కలదు. తొలిదినములలో వెలను, అద్దెను వ్రాసి సరిచూచుకొనుట మేలు. తెలుఁగు లిపిలో పాఠము వ్రాయునపుడు ప్రతి పదమునకు 1 మొదలు 4 వఱకు స్వరాంకము చేర్చవలెను.

3. పదములు, పదక్రమము: అన్న ‘కక’, తమ్ముఁడు ‘తీతి’, అక్క ‘చ్యెచ్యె’, చెల్లెలు ‘మెయ్‌మెయ్’. ఆంగ్లమున రెండుగా మాత్రమే యున్న ఈ విభాగము చీనా, తెలుఁగులయందు నాలుగు. వయసుమళ్లిన స్త్రీని ‘ఆయి’, అనఁగా పినతల్లీ యని పిలుచుట తెలుఁగువానికి వింతగాదు. ఇంటిపేరు ముందు, వ్యక్తినామము వెనుక వచ్చును. కార్యాలయమున ఇంటిపేరునకుఁ బదవిని జేర్చి పిలుతురు. కావున ఇంటిపేరును పొడియక్షరముగా వాడువాఁడు దానిని పూర్ణముగా వ్రాయుట అలవఱచుకొనవలెను. చిరునామాయందు నగరము, మండలము, వీథి, వీథిభాగము, సందు, సంఖ్య, అంతస్తు అను క్రమము ‘ఊరిలోని వీథిలోని యిల్లు’ అను తెలుఁగు క్రమమే. సంఖ్యకును నామమునకును నడుమ వర్గవాచకము వచ్చును: పుస్తకములకు ‘పన్’, చీటీలకు ‘చాంగ్’. ‘పదిమంది’ యందలి ‘మంది’ దీనికి సమీపము.

వైద్యునితో తన బాధను తాను చెప్పుకొనలేనివాఁడు ఎన్ని నెలలు గడచినను ఆ నగరమున పరాధీనుఁడే. భాషాశాఖలు పై క్రమమున తెలుఁగు లిపిలో ప్రవేశవాచకము గూర్చినచో, వలసపోవువారికి ఆ పరాధీనత కొంత ముందుగాఁ దీఱును.